కోళ్ళగూటిలో స్టుడియో పెట్టిన జూలియా మార్గరెట్ కామెరన్

(బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

ఫొటో అన్నాక ముఖం స్పష్టంగా పడాలి. పెళ్ళి ఫొటోలు తీసే ఆయనైనా, పాస్‌పోర్టు ఫొటో తీసే కుర్రాడైనా ఈ ఒక్క విషయంలో రాజీ పడరు. రెప్పవెంట్రుకలు లెక్క పెట్టగలిగితే మంచి కెమెరా, లేకపోతే నాసిరకం. మనలో చాలామంది లెక్క యింతే. అలాంటిది, ఈమధ్య వేలకు వేలు పోసి డిజిటల్ కెమెరా కొన్నవాళ్ళే దానితో వచ్చిన లెన్సు పక్కన పెట్టి, నలభై యాభై ఏళ్ళనాటి పాత లెన్సుల కోసం వెతుకుతున్నారు. ఎందుకయ్యా అంటే, కొత్త లెన్సు ముఖాన్ని మరీ కరుగ్గా చూస్తుందట, పాతది మెత్తగా చూస్తుందట.

ఈ మెత్తదనం కోసం వెంపర్లాట నిన్న మొన్న పుట్టింది కాదు. ఫొటోగ్రఫీ పుట్టి పాతికేళ్ళు నిండే నాటికే ఒకావిడ దానికోసం నిలబడింది. పండితుల చేత చీవాట్లు తిన్నది. పని రాక మసకగా తీస్తున్నదని పత్రికలు రాస్తే, ఆమె మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు. ఆమె పేరు జూలియా మార్గరెట్ కామెరన్. యింటిపేరులోనే కెమెరా వున్నట్టు వినిపిస్తుంది గాని, అది మెట్టినింటి పేరు. కెమెరా ఆమె చేతికి వచ్చింది నలభై ఎనిమిదో ఏట. మరో విశేషమేమంటే ఆమె పుట్టింది మన దేశంలోనే, కలకత్తాలో.

1815 జూన్ 11న ఆమె జన్మించింది. తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తల్లి అడెలీన్ ఫ్రెంచి వంశానికి చెందినది. ఆ రోజుల్లో కంపెనీ దొరల పిల్లలను చదువులకు సముద్రాలు దాటించడం రివాజు. జూలియాను, ఆమె అప్పచెల్లెళ్ళను ఫ్రాన్సులోని అమ్మమ్మ దగ్గరకు పంపారు. పెద్ద చదువులేమీ కావు. ఆ కాలపు ఆడపిల్లకు కాలేజీ ముఖం చూసే యోగం ఎక్కడిది? యింట్లో నేర్చుకున్న భాషలు, సాహిత్యం, సంగీతం, అంతే. అప్పచెల్లెళ్ళలో తక్కినవాళ్ళు అందగత్తెలని పేరు. జూలియాకు ఆ పేరు రాలేదు. తరువాత్తరువాత అందం కోసం ఆమె పడ్డ తపనకు యిది కూడా ఒక కారణమని రాసినవాళ్ళున్నారు. నాకు మాత్రం అంత దూరం పోవడం అనవసరమనిపిస్తుంది. అందాన్ని ప్రేమించడానికి అద్దంలో కొరత కనిపించాలా?

1836లో ఆరోగ్యం బాగుపడడానికని ఆమె దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రానికి వెళ్ళింది. ఆ ప్రయాణం ఆమె జీవితంలో రెండు తలుపులు తెరిచింది. ఒకరు చార్లెస్ హే కామెరన్. న్యాయశాస్త్రవేత్త, ఆమె కంటే యిరవై ఏళ్ళు పెద్ద. భారతదేశపు శిక్షాస్మృతిని తయారుచేసిన మెకాలే కమిషనులో పనిచేసిన మనిషి. 1838లో కలకత్తాలో వాళ్ళ పెళ్ళి జరిగింది. రెండో వ్యక్తి సర్ జాన్ హెర్షెల్. ఖగోళ విద్యార్థులకు ఈ పేరు పరిచయం చెయ్యనక్కరలేదు. దక్షిణార్ధగోళపు నక్షత్రాలను లెక్కించడానికి ఆయన అప్పుడు అక్కడ మకాం పెట్టి వున్నాడు. కెమిస్ట్రీ విద్యార్థులకు ఆయనతో యింకా దగ్గర చుట్టరికం వుంది. వెండి లవణాలను హైపో కరిగించి వేస్తుందని 1819లోనే కనిపెట్టింది ఆయనే. ఆ ఒక్క గుణం తెలియకపోతే తీసిన ఫొటో వెలుతురులో నల్లబడిపోయేది, ఫొటోగ్రఫీ నిలిచేదే కాదు.

హెర్షెల్‌తో ఆ స్నేహం ఆయన పోయేదాకా, అంటే 1871 దాకా సాగింది. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడయింది. 1842లో ఆయన కలకత్తాలో వున్న జూలియాకు కొన్ని తొలి ఛాయాచిత్రాలను పంపాడు. ఎడ్లబండ్లు, పల్లకీలు తిరిగే కలకత్తాలో కూర్చుని ఆమె ఆ కాగితాలను చూసింది. అయినా యిరవై ఏళ్ళపాటు తాను కెమెరా ముట్టుకోలేదు. అప్పటి ఆమె సంసారం అలాంటిది. భర్త గవర్నరు జనరలు కౌన్సిలులో న్యాయ సభ్యుడయ్యాడు. గవర్నరు జనరలు హార్డింజ్ భార్య యిక్కడికి రాకపోవడంతో, ప్రభుత్వ విందులకు యజమానురాలి హోదాలో నిలబడే భారం ఈమె మీద పడింది. 1840లలో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువు వచ్చినప్పుడు కలకత్తాలో తిరిగి చందాలు పోగుచేసింది. ఏ పని తలపెట్టినా ఆమెది అదే తీరు. మొహమాటం లేదు, అలుపు లేదు, ఎదుటివాడు విసుక్కుంటున్నాడన్న గమనింపు కూడా లేదు.

1848లో భర్త ఉద్యోగం విరమించాడు, సంసారం ఇంగ్లండుకు మారింది. అప్పటికే సిలోనులో ఆయన కాఫీ తోటలు కొని పెట్టాడు. కుటుంబానికి ముఖ్యమైన ఆదరువు ఆ తోటలే. 1860లో ఐల్ ఆఫ్ వైట్ అనే ద్వీపంలో, ఫ్రెష్‌వాటర్ అనే వూళ్ళో, పక్కపక్కన వున్న రెండు యిళ్ళు కొని, రెంటినీ కలిపి, సిలోను తోట పేరుమీద డింబోలా అని పేరు పెట్టారు. పొరుగింట్లో కవి టెన్నిసన్. వచ్చే పోయే పండితులు, చిత్రకారులు. యింటినిండా సొంత పిల్లలు ఆరుగురు, దగ్గర తీసి పెంచిన పిల్లలు మరికొందరు.

1863 డిసెంబరు నాటికి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. భర్త తోటల వ్యవహారం చూసుకోవడానికి సిలోను వెళ్ళాడు. అమ్మకు పొద్దు పోదని కూతురు, అల్లుడు కలిసి ఒక కెమెరా బహుమతిగా యిచ్చారు. ఆ పని ఎలా చేస్తారో ఆమెకు అప్పుడు తెలియదు. నేర్పే గురువు లేడు. బొగ్గుల కొట్టు ఖాళీ చేసి డార్క్‌రూము చేసుకుంది. పెరట్లో అద్దాల పలకలు వేసిన కోళ్ళగూడు ఒకటి వుండేది. కోళ్ళను బయటికి వదిలి, దాన్ని స్టుడియో చేసుకుంది. వ్యవసాయపు యింట్లో పుట్టినవాణ్ణి గనుక ఈ మాట చదివినప్పుడు నాకు ముందు వచ్చిన సందేహం, కోళ్ళు ఏమయ్యాయని. వాటిని ఎవరూ కోసుకు తినలేదనీ, విడిచిపెట్టారనీ ఆమె స్వయంగా రాసుకున్న జ్ఞాపకాల్లో వుంది. కోళ్ళ సంగతి గూడా మరిచిపోకుండా రాసిన మనిషి మీద నాకు గురి కుదిరింది.

మనం బొత్తాం నొక్కి ఫొటో తీస్తాం. ఆమె కాలంలో ఒక్క ఫొటో వెనుక ఎంత చాకిరీ వుండేదో కెమిస్ట్రీ ల్యాబులో నిలబడ్డవాళ్ళకు బాగా అర్థమవుతుంది. పద్ధతి పేరు తడి కొల్లోడియన్. ముందు గాజు పలకను మచ్చ లేకుండా తుడవాలి. అయొడైడు కలిపిన కొల్లోడియన్ అనే జిగురు ద్రావణాన్ని దానిమీద సమంగా పారేట్టు పొయ్యాలి. చీకట్లో సిల్వర్ నైట్రేటు తొట్టిలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తియ్యాలి, ఆరకముందే కడగాలి. ఆరిందా, పలక పనికిరాదు. పొగలు, వాసనలు, విషపు మందులు. బాల్చీలకొద్దీ నీళ్ళు. సిల్వర్ నైట్రేటు అంటితే చర్మం నల్లబడుతుంది, మా ల్యాబులో వేళ్ళకు అంటిన మచ్చలు వారం రోజులకు గాని పోవు. పెద్దింటి యిల్లాలు ఆ నల్ల చేతులతోనే అతిథులకు ఎదురుపడేది.

1864 జనవరి 29న యానీ ఫిల్‌పాట్ అనే చిన్నపిల్లను కూర్చోబెట్టి తీసిన చిత్రం మొదటిసారి ఆమె కోరినట్టు వచ్చింది. ఆ ఆనందంలో అది తన తొలి విజయమని రాసుకుంది. ఆ పిల్ల చూపు పక్కకి వుంటుంది, కోటు బొత్తాలు మసక, ముఖం మీద మాత్రం వెలుగు. మా లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో ఆ బొమ్మ చూశాను. దానిమీద గీతలు, మచ్చలు వున్నా, ఆ పిల్ల యిప్పుడే తల తిప్పి మనవంక చూడబోతున్నట్టు వుంటుంది.

యిక లెన్సు సంగతి. ఆమె మొదటి కెమెరాకు 11 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు వున్న గాజు పలక పట్టేది. దానికి ఫ్రాన్సులో జామిన్ కంపెనీ చేసిన లెన్సు. నాభ్యంతరం సుమారు 12 అంగుళాలు, రంధ్రం సుమారు ఎఫ్/3.6. యిది పెట్జ్‌వాల్ పద్ధతిలో కట్టిన లెన్సు. జోసెఫ్ పెట్జ్‌వాల్ వియన్నాలో గణితాచార్యుడు. 1840లో లెక్కలు కట్టి, రెండు జతల కటకాలతో ఒక లెన్సు రూపొందించాడు. అంతకుముందు వాడుకలో వున్న లెన్సుల కంటే అది పదిహేను, యిరవై రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వదిలేది. కూర్చున్న మనిషి ఊపిరి బిగబట్టి నిమిషాల తరబడి కదలకుండా వుండే బాధ దానితో చాలావరకు తగ్గింది.

అయితే వెలుతురుకు మూల్యం చెల్లించాలి. పెట్జ్‌వాల్ లెన్సులో నడిమధ్య బొమ్మ స్పష్టంగా వుంటుంది. అంచులకు పోయేకొద్దీ బొమ్మ పడే తలం గిన్నెలా వంగిపోతుంది. పలక మాత్రం చదునుగా వుంటుంది గనుక అంచులు మసకబారతాయి. యింకొకటి, గోళీయ విపథనం. లెన్సు అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్యగా వచ్చే కిరణాలు ఒకే బిందువు దగ్గర కలవవు. అది పూర్తిగా సర్దుబాటు కాకపోతే స్పష్టమైన గీత చుట్టూ పలచని వెలుగు తెర పరుచుకుంటుంది. మూడోది వర్ణ విపథనం. కంటికి ఆకుపచ్చ, పసుపు రంగులు బాగా తెలుస్తాయి. ఆనాటి తడి పలకకు తెలిసింది నీలమూ ఊదా మాత్రమే, ఎరుపు అసలు కనబడదు. పలకకు తక్కిన రంగులు చూపే ఉపాయం 1873లో గాని దొరకలేదు. అంచేత అప్పటి చాలా లెన్సులతో కంటికి ఫోకస్ అయిన చోట పలకకు ఫోకస్ అయ్యేది కాదు. అనుభవం వున్నవాళ్ళు ఆ తేడా సర్దుకుని లెన్సును కొంచెం జరిపేవాళ్ళు.

ఒక చిన్న లెక్క వేసి చూశాను. 12 అంగుళాల లెన్సు, ఎఫ్/3.6 రంధ్రం. మనిషి ఆరడుగుల దూరంలో కూర్చున్నాడనుకుందాం. పలకమీద అంగుళంలో నూరోవంతు మసకను స్పష్టం కిందనే జమకడదాం. అప్పుడు స్పష్టంగా పడే లోతు మొత్తం సుమారు రెండంగుళాలు వస్తుంది. ముక్కు కొన నుంచి చెవి దాకా అంతకంటే ఎక్కువే వుంటుంది కదా! కళ్ళు స్పష్టంగా వుంటే చెవులు మసక, చెవులు స్పష్టంగా వుంటే ముక్కు మసక. కాబట్టి కామెరన్ బొమ్మల్లోని మెత్తదనంలో లెన్సు వాటా చాలా వుంది, అందులో దాపరికం అక్కరలేదు.

మరి ఆమె వాటా ఏమిటి? ప్రాక్టికల్స్‌లో కటకం నాభ్యంతరం కనుక్కునేటప్పుడు తెరను ముందుకీ వెనక్కీ జరుపుతాం. బొమ్మ ఎక్కడ అత్యంత స్పష్టంగా వుంటే అక్కడ ఆపి స్కేలు చూసి రికార్డులో రాస్తాం. అక్కడ ఆపకపోతే అది దోషమే, మార్కులు పోతాయి. ఫొటోగ్రాఫర్లందరూ చేసేది గూడా అదే. కామెరన్ అలా చెయ్యలేదు. లెన్సు తిప్పుతూ తిప్పుతూ, కంటికి అందంగా కనబడగానే ఆపేసేది. యింకా స్పష్టం చెయ్యడానికి మరలను మరికాస్త తిప్పడం ఆమె మానుకుంది. ఈ సంగతి 1874లో రాసిన జ్ఞాపకాల్లో స్వయంగా చెప్పుకుంది. మొదట్లో అనుకోకుండా జరిగిందనీ, ఆ ఫలితం నచ్చి దానికే కట్టుబడ్డాననీ దాని సారాంశం.

1864లోనే ఆమె లండను ఫొటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యురాలై తన చిత్రాలను ప్రదర్శించింది. పెద్దలు మండిపడ్డారు. ఫోకస్ లేదన్నారు. పలకలమీద మచ్చలు, గీతలు, వేలిముద్రలు వున్నాయన్నారు. శుభ్రత లేదు, పని రాదు అన్నారు. మచ్చల విషయంలో వాళ్ళ మాట అబద్ధం కాదు. ఆమె పలకల్లో పగుళ్ళున్నవి గూడా వున్నాయి. కాని చిత్రకారులు ఆ బొమ్మలను మెచ్చుకున్నారు. 1865లో బెర్లిన్ ప్రదర్శనలో కంచు పతకం, 1866లో అక్కడే బంగారు పతకం వచ్చాయి. 1865లోనే లండను సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం, అంటే యిప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, ఆమె చిత్రాలు కొన్నది. 1868లో తన భవనంలోనే రెండు గదులు స్టుడియోగా వాడుకోమని యిచ్చింది.

మెత్తదనం ఆమెకు చేతగానితనమా, లేక ఎంపికా? దీనికి జవాబు 1866లో దొరుకుతుందని నా నమ్మకం. ఆ సంవత్సరం ఆమె యింకా పెద్ద కెమెరా కొన్నది. 15 అంగుళాలకు 12 అంగుళాల పలక. దానికి డాల్మేయర్ కంపెనీవారి కొత్త రాపిడ్ రెక్టిలీనియర్ లెన్సు. నాభ్యంతరం 30 అంగుళాలు, రంధ్రం ఎఫ్/8. అంచులదాకా స్పష్టంగా, గీతలు వంకర పోకుండా చూపడానికి తయారైన లెన్సు అది. దోషం జామిన్ లెన్సుది మాత్రమే అయివుంటే, ఈ కొత్త లెన్సుతో ఆమె బొమ్మలు కత్తిలా రావాలి. రాలేదు. ఎందుకంటే మంచి లెన్సు రాగానే ఆమె మనిషికి మరింత దగ్గరికి పోయింది. పలకనిండా ఒక్క ముఖమే, దాదాపు నిజమైన తలకాయంత. ముఖం నిజ పరిమాణంలో సగమే పడిందనుకున్నా, వెనకటి లెక్క ప్రకారం స్పష్టంగా వుండే లోతు ఒక్క అంగుళానికి పడిపోతుంది. రంధ్రం చిన్నది చేస్తే లోతు పెరిగేది. దానితోపాటు ఎక్స్‌పోజరు కాలమూ పెరిగేది. దూరంగా కూర్చోబెడితే స్పష్టంగా వచ్చేది. ఆనాటి స్టుడియోల్లో తల కదలకుండా వెనుక ఇనుప ఊతలు పెట్టి, చిన్న చిన్న కార్డు ఫొటోలు తీసి అమ్మేవాళ్ళు. ఆ దారులన్నీ ఆమెకు తెలుసు. తెలిసే వద్దనుకుంది. మనిషి ఊపిరి తీసుకుంటే ఆ కదలిక గూడా బొమ్మలో పడనిచ్చింది.

1867లో ఆ పెద్ద కెమెరాను మోయించుకుని కెంట్‌లో హెర్షెల్ యింటికి వెళ్ళింది. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదు. తెల్లని జుట్టు రేగి వెలుగు పట్టాలని తలంటించిందని చెబుతారు. చీకట్లోంచి ఆ ముఖం ఒక్కటే బయటికి వస్తుంది. కళ్ళలో నీటి మెరుపు కనబడుతుంది. జీవితమంతా నక్షత్రాలను చూసిన మనిషి కళ్ళు అవి. ఆ బొమ్మలో జుట్టు చివరలు మసక, భుజాలు మసక. అయినా ఆ ముసలాయన్ను ఒకసారి చూసినవాళ్ళు మరిచిపోలేరు. మరుసటేడు డార్విన్ కుటుంబం ఫ్రెష్‌వాటరులో ఆమె యింటినే అద్దెకు తీసుకుంది, ఆయన చిత్రమూ తీసింది. కార్లైల్, బ్రౌనింగ్, టెన్నిసన్, ఇలా ఆ తరపు పెద్దలందరూ ఆమె కెమెరా ముందు కూర్చున్నారు.

గొప్పవాళ్ళనే తీసిందనుకుంటే పొరపాటు. వంటపని, యింటిపని చేసే అమ్మాయిలు ఆమె బొమ్మల్లో దేవతలయ్యారు. పనిమనిషి మేరీ హిల్లియర్ ఎన్నో చిత్రాల్లో మేరీమాతగా కనిపిస్తుంది. మేరీ రయన్ అనే ఐరిష్ పిల్ల తల్లితో కలిసి అడుక్కుంటూ కనబడితే యింటికి తెచ్చుకుని చదువు చెప్పించింది. ఆ పిల్లను ప్రదర్శనలో చూసి మనసుపడిన హెన్రీ కాటన్ అనే యువకుడు 1867లో పెళ్ళాడాడు. ఆయన ఐ.సి.యస్. ఉద్యోగిగా మన దేశానికి వచ్చాడు, ఉద్యోగం విరమించాక 1904లో బొంబాయిలో జరిగిన భారత జాతీయ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించాడు. మన స్వాతంత్ర్యోద్యమ చరిత్ర చదివేవాళ్ళకు సర్ హెన్రీ కాటన్ పేరు తెలుసు. ఆయన భార్య ఆ కోళ్ళగూటి స్టుడియోలో నిలబడిన అమ్మాయని నాకు ఈ వ్యాసం కోసం చదివేదాకా తెలియదు.

పేరు వచ్చింది గాని డబ్బు రాలేదు. తన చిత్రాల హక్కులు పద్ధతిగా రిజిస్టరు చేయించింది, బొమ్మలు అమ్మకానికి పెట్టింది. అయినా మందులకు, గాజు పలకలకు అయ్యే ఖర్చు ముందు వచ్చే ఆదాయం నిలిచేది కాదు. ఇంగ్లండులో కుటుంబం గడవాలంటే సిలోను కాఫీ అమ్ముడుపోవాలి. 1869లో సిలోను కాఫీ తోటలకు తుప్పు తెగులు సోకింది. ఆకు అడుగున నారింజరంగు పొడి కనబడుతుంది, ఆకు రాలిపోతుంది, చెట్టు డస్సిపోతుంది. మా మెట్ట చేలో వేరుశనగకు వచ్చే తుప్పు నేను చూశాను. ఆకు తిప్పి ఆ పొడిని చూసినరోజు యింట్లో అన్నం సహించదు. ఈరోజు మందులున్నాయి. ఆనాడు ఏమీ లేవు. కొన్నేళ్ళలో సిలోను కాఫీ దాదాపు తుడిచిపెట్టుకుపోయి, దాని స్థానంలో తేయాకు వచ్చింది. లండను పండితులు ఎన్ని తిట్టినా ఆగని కెమెరాకు చివరికి అడ్డం పడింది ఒక ఆకు తెగులు.

1873లో కెమెరా యిచ్చిన కూతురు కాన్పులో చనిపోయింది. 1875లో దంపతులు యిల్లు వదిలి సిలోనుకు ప్రయాణమయ్యారు. అక్కడ పోతే పెట్టెలు దొరకవేమోనని శవపేటికలు గూడా సామానుతో పట్టుకెళ్ళారని ప్రతీతి. సిలోనులో ఆమె తీసిన చిత్రాలు మనకు మిగిలినవి ముప్ఫైకి లోపే. మందులు, మంచినీళ్ళు దొరకడం గగనం, ఎండ, ఉక్క. తడి పలక ఆ వేడికి యిట్టే ఆరిపోతుంది. అయినా తోటల్లో పనిచేసే తమిళ కూలీలను, ఆడవాళ్ళను, పిల్లలను నిలబెట్టి తీసింది. దక్షిణ భారతం నుంచి పొట్ట చేతపట్టుకుని పోయినవాళ్ళు వాళ్ళు. ఇంగ్లండు పెద్దమనిషిని తీస్తే కింద పేరు రాసింది. ఈ మనుషుల్లో చాలామందికి పేరు లేదు. కూలీ స్త్రీ అనో, ఆడపిల్లల గుంపు అనో వుంటుంది. అదే కెమెరా, అదే చెయ్యి. తోట యజమానికీ, కూలీకీ మధ్య దూరాన్ని మాత్రం ఏ లెన్సూ మెత్తబరచలేదు. ఆమెను యిష్టపడే నాకు ఈ మాట రాయడం కష్టంగానే వుంది, కాని రాయకుండా వదిలితే ఆమె జీవితం సగమే చెప్పినట్టవుతుంది.

1879 జనవరి 26న, సిలోను కొండల్లోని డికోయా లోయలో, కొడుకు తోటలో ఆమె కన్నుమూసింది. వయసు అరవై మూడు. మరుసటి సంవత్సరమే భర్త గూడా పోయాడు. యిద్దరి సమాధులూ బొగవంతలావ చర్చి ఆవరణలో వున్నాయి. ఆమె కెమెరా పట్టింది మొత్తం పదిహేనేళ్ళు. ఆ కొద్ది కాలంలో తీసిన చిత్రాల్లో 1,200కు పైగా పండితులు జాబితా కట్టారు.

ఆమె పోయాక కొంతకాలం లోకం మరిచిపోయింది. రాసి పూర్తిచెయ్యని జ్ఞాపకాలు 1889లో అచ్చయ్యాయి. 1913లో న్యూయార్కులో స్టీగ్లిట్జ్ తన కెమెరా వర్క్ పత్రికలో ఆమె చిత్రాలు వేశాడు. 1926లో వర్జీనియా వుల్ఫ్, రోజర్ ఫ్రై కలిసి ఆమె చిత్రాలతో పుస్తకం తెచ్చారు. వర్జీనియా వుల్ఫ్ ఎవరో కాదు, కామెరన్ ఎన్నోసార్లు ఫొటో తీసిన మేనకోడలు జూలియా జాక్సన్ కూతురు. లెన్సులు చేసేవాళ్ళు గూడా మెత్తదనాన్ని సరుకుగా అమ్మసాగారు. 1866లో డాల్మేయర్ కంపెనీయే వెనుక కటకాన్ని కొంచెం వదులు చేస్తే బొమ్మ మెత్తబడే పోర్ట్రెయిట్ లెన్సు తెచ్చింది. 2013లో పెట్జ్‌వాల్ లెన్సునే యిత్తడితో కొత్తగా చేసి, డిజిటల్ కెమెరాలకు తగిలించేట్టు అమ్మకానికి పెట్టారు. 1840 నాటి దోషం 2013లో గుణమై కూర్చుంది.

మన కాలేజీలో పాత లెన్సు కొనాలనుకునే మిత్రులకు ఈ జీవితంలోంచి పనికివచ్చేవి రెండు మూడున్నాయి. అద్దం లేని కొత్త డిజిటల్ కెమెరాల్లో లెన్సు కూర్చునే చోటికీ సెన్సారుకూ దూరం తక్కువ, ఉదాహరణకు సోనీ ఇ-మౌంటుకు 18 మిల్లీమీటర్లు. పాత ఎం42 మర లెన్సులకు కావలసింది 45.46 మిల్లీమీటర్లు. మిగిలిన దూరాన్ని అడాప్టరు భర్తీ చేస్తుంది. అందుకే సోవియట్ కాలపు హీలియోస్ 44-2 లాంటి 58 మిల్లీమీటర్ల లెన్సు గూడా వీటికి హాయిగా పట్టుకుంటుంది. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. కొనేముందు లెన్సును దీపానికి ఎదురుగా పట్టి చూడాలి. లోపల సాలెగూడులా దారాలుంటే అది బూజు. మన తేమకు అది పెరుగుతుంది. పాలపొర కమ్మినట్టు వుంటే దాన్ని మెత్తదనమని నమ్మించేవాళ్ళుంటారు. అది మురికి వల్ల వచ్చిన మసక, రంధ్రం చిన్నది చేసినా పోదు. విపథనం వల్ల వచ్చిన మెత్తదనం రంధ్రం చిన్నది చేసేకొద్దీ తగ్గుతుంది, పెద్దది చేస్తే పెరుగుతుంది. అంటే అది మన చెప్పుచేతల్లో వుండే మెత్తదనం. కామెరన్ కోరుకున్నది ఆ రెండోదే.

ఆమె జామిన్ లెన్సు యిప్పటికీ వుంది. లండనులో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీవారి సేకరణతో పాటు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా పెట్టారు. పని రాదని ఆమెను విమర్శించిన సొసైటీయే, తరువాతి రోజుల్లో ఆ లెన్సును దాచుకుంది. యిత్తడి గొట్టం, నాలుగు గాజుముక్కలు. దాన్ని తెచ్చి మన కెమెరాకు తగిలిస్తే అంచులు తప్పకుండా మసకబారతాయి. ముఖంలో ఏ చోటు స్పష్టంగా వుండాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్నది మాత్రం తీసేవాడు తేల్చుకోవలసిందే. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, గురువు లేకుండా, కోళ్ళగూటిలో నిలబడి ఆమె తేల్చుకున్నది ఆ సంగతే.